పర్లాకిమిడి గవర్నమెంటు హైస్కూల్లో ఖోఖో: ఒక తల్లి అభిప్రాయం

మీ అమ్మాయికి ఆటలంటే ఇష్టముంటే, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పాప చదివే గవర్నమెంటు హైస్కూల్లో ధైర్యంగా చేర్పించండి. చదువు సంగతి చెప్పాలంటే లెక్కలు, సైన్సు బాగానే చెప్తారు. ఒడియా మీడియం కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు మొదట్లో కొంచెం ఇబ్బంది పడతారు. నేను రాయాలనుకున్నది మాత్రం ఆటల గురించే, అందులోనూ అమ్మాయిల ఖోఖో జట్టు గురించి.

ఈ జట్టుకి బలం డ్రిల్ మాస్టారే. పొద్దున్నే వచ్చి సున్నంతో గీతలు ఆయనే వేసుకుంటారు. నేను టైలరింగ్ చేస్తాను, షాపు తెరిచేలోపు గ్రౌండు గట్టు మీద కూర్చుని చూస్తుంటాను. ఖోఖో అంటే పరుగు ఒక్కటే అనుకునేవాళ్లు ఆయన నేర్పే తీరు చూడాలి. ఎనిమిది మంది వరసలో ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు, తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. తరిమే పిల్ల ఒక దిక్కు పట్టిందంటే స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. కాబట్టి అవుట్ అయ్యేది సగం కూర్చున్నవాళ్ల తెలివి వల్లే. అందుకని మాస్టారు కూర్చున్న పిల్లల్ని కళ్లు మూసుకోమని, వెనక పరిగెత్తే అమ్మాయి అడుగుల చప్పుడు విని ఎటు వెళ్తోందో చెప్పమంటారు. మొదట్లో అందరూ తప్పు చెప్పేవాళ్లు. ఇప్పుడు మా పాప ఇంట్లో కూడా వెనకనుంచి ఎవరు నడిచినా పేరు చెప్పేస్తుంది!

కూర్చున్న పిల్లకి తరిమే వంతు ఇవ్వాలంటే వెనకనుంచి వీపు తాకడం, "ఖో" అనడం ఒకేసారి జరగాలి, లేకపోతే ఫౌల్. ఈ ఒక్క ముక్క మీదే రోజుల తరబడి కూర్చోబెట్టారు. పిల్లలు విసుక్కున్నా వదల్లేదు. ఇంకో మంచి గుణం, జట్టులో లేని పిల్లల్ని కూడా వరసలో కూర్చోబెడతారు. లావుగా ఉందనో, మెల్లగా పరిగెడుతుందనో ఎవర్నీ పక్కన పెట్టరు. నేను చదివిన రోజుల్లో ఆడపిల్లలకి ఆటల పీరియడ్ అంటే చెట్టుకింద కబుర్లే. అందుకే ఇది నాకు చాలా పెద్ద విషయం.

కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర గిరిజన పిల్లలు ఈ జట్టుకి ప్రాణం. మాస్టారు వాళ్లతో సవరలో మాట్లాడతారు, మా వాళ్లతో తెలుగులో, మిగతావాళ్లతో ఒడియాలో. సవరకి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు ఇది. ఇక్కడ మాస్టర్లు పిల్లల భాష నేర్చుకోవడం చూస్తే నాకు మనసు నిండిపోతుంది. మా పాపకి కూడా ఇప్పుడు సవర మాటలు బాగానే వచ్చు.

2022 సెప్టెంబరులో అల్టిమేట్ ఖోఖో లీగ్ మొదటి సీజన్ ఫైనల్లో ఒడిశా జగ్గర్నాట్స్, తెలుగు యోధాస్ తలపడ్డాయి. మా వీధిలో సగం మంది ఇటు, సగం మంది అటు. 46-45తో, ఒక్క పాయింటు తేడాతో ఒడిశా గెలిచింది. మా ఆయన యోధాస్ కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు, పాప జగ్గర్నాట్స్ కోసం గంతులేసింది. ఖోఖో ఆడతానని పట్టుబట్టింది అప్పటినుంచే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ కప్పులో మన అమ్మాయిలు నేపాల్‌ని ఓడించి కప్పు గెలిచారు. ఆ జట్టులో ఒడిశా అమ్మాయి మగాయి మాఝీ ఉందని తెలిశాక గ్రౌండుకి వచ్చే పిల్లలు పెరిగారు.

ఇక లోపాలు. వానాకాలంలో గ్రౌండు బురదే. నీళ్లు పోయే కాలువ లేదు, వాన పడితే తర్వాత రెండు మూడు రోజులు ప్రాక్టీసు ఉండదు. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు, తరగతి గది తలుపు మూసుకోవాల్సిందే. ఎదిగిన పిల్లలకి ఇది చాలా ఇబ్బంది, మేం తల్లులం మీటింగులో అడుగుతూనే ఉన్నాం. ఇంకొకటి, పెద్ద పోటీలు మ్యాట్ మీద జరుగుతాయి, మన పిల్లలు ఉత్త కాళ్లతో మట్టి మీద నేర్చుకుంటారు. స్తంభం దగ్గర డైవ్ కొట్టేటప్పుడు మోకాళ్లు దోక్కుపోతాయి. పాత బొంత ముక్కలు మడతపెట్టి జట్టు మొత్తానికి మోకాలి ప్యాడ్లు నేనే కుట్టిచ్చాను. బూట్లు మాత్రం ఎవరికి వాళ్లే కొనుక్కోవాలి, కొనలేని పిల్లలు ఉన్నారు.

అబ్బాయిల వాలీబాల్ జట్టు బాగా ఆడుతుంది. కబడ్డీ ఫర్వాలేదు. క్రికెట్ కోసమైతే ఈ బడికి రావద్దు.

ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి పిల్లల్ని ఈ బడికి మార్పించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. స్కూలు ఆటల్లో ఏ రాష్ట్రంలో చదివితే ఆ రాష్ట్రం తరఫునే ఆడాలి. హైస్కూలు పిల్లలు వయసుని బట్టి అండర్-14లోనో, అండర్-17లోనో వస్తారు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, టీసీలో ఒకటి ఉంటే సరిగ్గా పోటీల ముందు టెన్షన్ పడాల్సి వస్తుంది. అడ్మిషన్ రోజే రెండూ సరిచూసుకోండి. ప్రాక్టీసుకి పంపేటప్పుడు నీళ్ల సీసా, నానబెట్టిన శనగలు ఇవ్వండి, గ్రౌండు దగ్గర కొనుక్కోవడానికి ఏమీ దొరకదు.