సైలెన్సర్ నట్టు పట్టేసిందా? ఆయిల్, మంట, కోత, వెల్డింగ్: ఏది మేలు?

తిరుపతి బండికి సైలెన్సర్ నట్లు ఎందుకు పట్టేస్తాయో వెతుక్కోనక్కర్లేదు. అలిపిరి దాటి కొండెక్కేసరికి ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే బెండ్ పైపు కాగిపోయి ఉంటుంది. కార్తీక మాసం వానల్లో ముందు చక్రం చిమ్మే నీళ్లు నేరుగా దాని మీదే పడతాయి. కాగడం, తడవడం, మళ్లీ కాగడం. ఇలా కొన్నేళ్లు గడిస్తే నట్టుకీ, అది ఎక్కే మరల కడ్డీ అయిన స్టడ్డుకీ మధ్య మరల్లో తుప్పు పేరుకుంటుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మరల సందులో అంత చోటు ఉండదు కాబట్టి నట్టు రాయిలా బిగుసుకుంటుంది.

దీన్ని విప్పడానికి మెకానిక్కులు వాడే దారులు నాలుగు: ఆయిల్ పోసి ఆగడం, మంట పెట్టడం, నట్టును కోసేయడం, దాని మీద ఇంకో నట్టును వెల్డింగ్ చేయడం. అన్నిటిలోనూ కాపాడుకోవలసింది ఆ స్టడ్లు దిగి ఉండే ఇంజన్ హెడ్డునే. నట్టు పోతే కొత్తది దొరుకుతుంది, స్టడ్డు కూడా దొరుకుతుంది. అల్యూమినియం హెడ్డులో మర చెడితే పని లేత్ షాపు దాకా వెళ్తుంది.

పానా పట్టుకోబోయే ముందు ఒక చిన్న లెక్క చూడండి. చాలా స్కూటర్లకు ఈ స్టడ్లు ఎం6 (అంటే 6 మిల్లీమీటర్ల మందం) లేదా ఎం8 సైజులో ఉంటాయి, కొన్నిటికి ఎం7 కూడా ఉంటుంది. ఎం6 నట్టుకు మామూలు బిగింపు 10-12 న్యూటన్ మీటర్లు (తిప్పే బలాన్ని ఇలా కొలుస్తారు). 30 సెంటీమీటర్ల పిడి చివర 10 కిలోల బరువుతో నొక్కితే అది దాదాపు 30 న్యూటన్ మీటర్లు అవుతుంది. తుప్పు తినేసిన ఎం6 స్టడ్డు విరగడానికి అంత అక్కర్లేదు. అందుకే పానాకు పైపు తొడిగి లాగడం, లారీ టైర్ల నట్లు విప్పే గాలి గన్నుతో కొట్టడం ఈ పనికి పనికిరావు. పొట్టి పానా, ఆరు మూలల సాకెట్ చాలు. పన్నెండు మూలల రింగు పానా తుప్పు పట్టిన నట్టు మూలల్ని గుండ్రం చేసేస్తుంది.

ఆయిల్ నుంచి మొదలుపెడదాం. మూలలు బాగుండి, స్టడ్డు చివర బయటికి కనిపిస్తుంటే ఇదే మొదటి దారి. తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్ దొరికితే అది వాడండి. డబ్ల్యూడీ-40 కూడా పని చేస్తుంది, కానీ దాన్ని మొదట తయారు చేసింది తేమను తరిమేందుకు, కాబట్టి గట్టిగా పట్టిన నట్టు మీద దాని బలం తక్కువ. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్‌లో అంతే అసిటోన్ కలిపి వాడేవాళ్లు ఉన్నారు. సందుల్లోకి అది బాగా చొరబడుతుంది గానీ పెయింటును, ప్లాస్టిక్కును తినేస్తుంది, మంట అంటితే భగ్గుమంటుంది. స్కూటర్ ప్యానెళ్ల దగ్గర అది వద్దు.

ఆయిల్ ఎప్పుడు వేస్తారన్నది ఏ ఆయిల్ అన్నంత ముఖ్యం. ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెడితే అంత లోతుకు దిగదు. మండే పైపు మీద కొడితే పొగ వస్తుంది, అంటుకోవచ్చు కూడా. పైపు మీద నీటి చుక్క వేస్తే చుర్రుమనకూడదు, అయినా చేతికి వెచ్చగా తగలాలి. అప్పుడు నట్టు చల్లారేకొద్దీ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి వేయండి. వేసిన ప్రతిసారీ నట్టు తల మీద పంచ్ పెట్టి సుత్తితో ఐదారు చిన్న దెబ్బలు కొట్టండి. ఆ అదురుకు తుప్పు పొరలో పగుళ్లు వస్తాయి, ఆయిల్ దిగడానికి దారి దొరుకుతుంది.

తర్వాత విప్పేటప్పుడు మొదట బిగించే వైపు కొద్దిగా తిప్పండి, తర్వాత విప్పే వైపు. ఇక్కడ చేయి చెప్పేది వినాలి. ‘టక్’మని చిన్న శబ్దం చేసి కదిలితే తుప్పు విడిచినట్టే. శబ్దం లేకుండా రబ్బరులా మెత్తగా సాగుతూ తిరుగుతుంటే మెలి తిరుగుతున్నది స్టడ్డు, నట్టు కాదు. వెంటనే ఆపండి. ఇంకో పావు చుట్టు తిప్పితే అది విరిగిపోతుంది. ‘టక్’మన్నాక కూడా ఒకేసారి విప్పేయకండి. అర చుట్టు విప్పి, పావు చుట్టు వెనక్కి బిగించి, మళ్లీ ఆయిల్ వేసి కొనసాగించండి. వదులైన తుప్పు పొడి మరల్లో చిక్కుకుంటే మళ్లీ పట్టేస్తుంది.

కొన్ని బళ్లకు టోపీలా మూసుకుపోయిన నట్లు ఉంటాయి. వీటిలో స్టడ్డు చివర కనిపించదు, అంటే ఆయిల్‌కు ఒక్క వైపే దారి. టోపీ తలను హ్యాక్‌సా బ్లేడుతో కోసేస్తే స్టడ్డు చివర బయటపడుతుంది. రెండు రాత్రులు ఆగినా కదలని టోపీ నట్లు ఈ పని చేశాక చాలాసార్లు ఒక్క రాత్రిలోనే వదులుతాయి.

ఒక్క రోజులో తేలాలంటే మంటే మేలు. వేడికి నట్టు వ్యాకోచించి తుప్పు పట్టు పగులుతుంది. చిన్న బ్యుటేన్ టార్చి చాలు, గ్యాస్ కట్టింగ్ సెట్టు దీనికి ఎక్కువ. అయితే స్కూటర్ ఇంజన్ పడుకుని ఉంటుంది, ఎగ్జాస్ట్ రంధ్రం అడుగున ఉంటుంది, దాని పక్కనే ఫ్యాన్ గాలిని హెడ్డు చుట్టూ తిప్పే ప్లాస్టిక్ కవరు ఉంటుంది. టార్చి వెలిగించే ముందు ఆ కవరు విప్పేయండి, లేదా పాత ఆయిల్ డబ్బా రేకు ముక్క అడ్డం పెట్టండి. నిన్న వేసిన ఆయిల్‌ను గుడ్డతో తుడవండి. పెట్రోలు పైపు కారడం లేదని చేత్తో తడిమి చూసుకోండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బళ్లలో చాలావాటికి ఎగ్జాస్ట్ దగ్గరే ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. దాని కప్లర్ (వైరు ప్లగ్గు) ఊడదీసి వైరును దూరంగా కట్టేయండి.

మంట నట్టు మీదే ఉండాలి, హెడ్డు మీద కాదు. ఎర్రబడేదాకా కాచాలని కొందరు అంటారు. అల్యూమినియం దగ్గర అది ప్రమాదం: స్వచ్ఛమైన అల్యూమినియమే 660 డిగ్రీలకు కరుగుతుంది, హెడ్డు పోతపోసిన మిశ్రమం ఇంకా ముందే మెత్తబడుతుంది, పైగా ఇనుములా ఎర్రబడి ముందుగా హెచ్చరించదు. ఒక్కో నట్టును అర నిమిషం పాటు చుట్టూ తిప్పుతూ కాచి, మంట తీసి, స్టడ్డు మర మీద కొవ్వొత్తి ముక్క ఆనించండి. మైనం కరిగి సందులోకి పాకిపోతుంది. మరల్లోకి అది జారిపోతున్నట్టు కంటికి కనిపిస్తే దారి తెరుచుకున్నట్టే. పానా పెట్టి ప్రయత్నించండి. రాకపోతే చల్లారనిచ్చి మళ్లీ కాచండి. మూడు సార్లు కాచినా కదలకపోతే నాలుగోసారికి మంట పెంచకండి, కోతకు వెళ్లండి.

ఆయిల్‌తో పోలిస్తే మంటకు సమయం తక్కువ, జాగ్రత్త ఎక్కువ. ఇంట్లో చేసుకునేవాళ్లు రెండు రాత్రులు ఆయిల్ వేసి, ఆ తర్వాతే టార్చి తీసుకోవాలని నా మాట.

నట్టు మూలలు ఇప్పటికే గుండ్రమైపోయి ఉంటే ఆయిల్‌తోనూ మంటతోనూ కాలం వృథా. నట్టును చీల్చే నట్ స్ప్లిటర్ అనే పనిముట్టు ఉంది గానీ, స్కూటర్ ఫ్లాంజి (పైపును హెడ్డుకు బిగించే పట్టీ) గుంటలో దాని రింగు సాధారణంగా పట్టదు. చిన్న కటింగ్ డిస్కుతో నట్టు ఎదురెదురు పక్కల్లో రెండు గాట్లు కోయండి. మర అంచు దాకా వెళ్లండి, మరను తాకకండి. అక్కడ ఆపి గాటులో ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టండి. నట్టు రెండు ముక్కలై విడుతుంది, స్టడ్డు నిలుస్తుంది. స్టడ్డును మిగల్చడంలో దీనికి సాటి లేదు. డిస్కు జారి స్టడ్డు మరను తాకినా డై (బయటి మర కోసే పనిముట్టు) తిప్పి సరిచేసుకోవచ్చు.

స్టడ్డు విరిగి కొన్ని మిల్లీమీటర్లు బయటికి మిగిలినప్పుడు వెల్డింగ్ వంతు. స్టడ్డు కంటే కాస్త పెద్ద రంధ్రమున్న నట్టును దాని మీద నిలబెట్టి, లోపలి రంధ్రం నిండేలా వెల్డింగ్ చేస్తారు. ఇక్కడ పని చేసేది నట్టు పట్టు కంటే ఆ వేడి. వెల్డింగ్ చేశాక ఎర్రదనం పోయి నల్లబడేదాకా ఆగి, ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ తిప్పాలి. హెడ్డుకు వెల్డింగ్ అంటుకోదు, ఎందుకంటే ఉక్కు రాడ్డు అల్యూమినియాన్ని పట్టదు. బ్యాటరీ నెగటివ్ వైరు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కప్లర్ ఊడదీయకుండా వెల్డింగ్ చేయనివ్వకండి. ఎర్త్ క్లాంపు ఫ్లాంజి దగ్గరే పెట్టించండి. ఇంజన్ కేసింగుకు పెడితే కరెంటు బేరింగుల గుండా పోయే ప్రమాదం ఉంది. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ అసలు వద్దు, దానిలో క్లోరిన్ ఉన్న రకాలు వేడికి విషవాయువు పుట్టిస్తాయి. రేణిగుంట రోడ్డు వైపు వర్క్‌షాపులోనైనా, ఊళ్లో లేత్ షాపులోనైనా ఈ పని చేయించేటప్పుడు ఈ సంగతులు ముందే చెప్పడంలో తప్పు లేదు.

స్టడ్డు హెడ్డు సమానంగా తెగిపోయి, వెల్డింగ్‌కు కూడా అందకపోతే డ్రిల్లింగే గతి. నడిమధ్య పంచ్ కొట్టి, ఎం6కు 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి 5 దాకా. బిట్ ఒక వైపు జరిగితే మెత్తటి అల్యూమినియంలోకి పోతుంది. విరిగిన స్టడ్డును లోపలి నుంచి పట్టి తిప్పే ఈజీ అవుట్‌ను బలవంతంగా తిప్పి విరగ్గొడితే అది గట్టి ఉక్కు కాబట్టి మామూలు బిట్‌కు తెగదు. పాత మర పోతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించాలి. ఇది హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి చేసే పని, రోడ్డు పక్కన కాదు.

నట్టుతో పాటే స్టడ్డు కూడా ఊడొస్తే కంగారు వద్దు. రంధ్రంలోని తెల్లటి అల్యూమినియం తుప్పు పొడి తుడిచేసి, అందులో అదే సైజు ట్యాప్ (లోపలి మర కోసే పనిముట్టు) చేత్తో ఒకసారి నడిపించి, కొత్త స్టడ్డు వేయండి.

బిగించేటప్పుడు పైపుకూ హెడ్డుకూ మధ్య పాత ప్యాకింగ్ పెట్టకండి, అది ఒకసారి నలిగాక మళ్లీ కూర్చోదు. మరకు రాగి కలిసిన యాంటీసీజ్ గ్రీజు పలచగా రాయండి. సైలెన్సర్ వెనక బ్రాకెట్ బోల్టులు వదులుగా పెట్టి, ముందు ఫ్లాంజి నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించి, చివర్లో బ్రాకెట్ బోల్టులు బిగించండి. క్రమం తప్పితే పైపు సరిగ్గా కూర్చోక ఆ లాగుడంతా స్టడ్ల మీద పడుతుంది. విప్పేటప్పుడూ అంతే: సైలెన్సర్ కింద చెక్క దిమ్మె పెట్టి, ముందు ఫ్లాంజి నట్లు తీసి, తర్వాతే వెనక బోల్టులు. ఒకసారి కొండెక్కి దిగి బండి పూర్తిగా చల్లారాక, ఆ రెండు నట్లకు మళ్లీ పానా ఆనించి చూడండి. కొత్త ప్యాకింగ్ నలిగి కూర్చుంటుంది, కాస్త వదులు రావచ్చు.