చిన్నపిల్లలతో కారులో: బొర్రా గుహలా, బెలూం గుహలా?

రెండూ సున్నపురాయి గుహలే, రెండూ ఆంధ్రప్రదేశ్‌లోనే. పోలిక అక్కడితో సరి. పిల్లలతో వెళ్లేవాళ్లకు బొర్రాలో కష్టమంతా గుహకు చేరేలోపే. బెలూంలో అసలు కష్టం లోపలికి దిగాకే.

విశాఖ నుంచి బొర్రాకు సుమారు 90 కి.మీ. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, వాంతులూ అక్కడే మొదలవుతాయి. మలుపుల్లో చెవిలోపలి భాగం ఊగుతున్నామని చెబుతుంది, ఫోనో ముందు సీటు వీపో చూస్తున్న కన్ను కదలట్లేదంటుంది. ఆ తగాదాకే కడుపు తిప్పుతుంది. అందుకే శృంగవరపుకోట దాటేలోపే ఫోన్ లాగేసి, ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టాలి. ఘాట్ ఎక్కడానికి గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. పాలు, నూనె వస్తువులు వద్దు. ఖాళీ కడుపుతో తీసుకెళ్లినా తిప్పుతుంది. గుహ దగ్గరికి వచ్చేసరికి సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, చెవులు దిబ్బడేస్తాయి. మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు తాగిస్తే గుటకతో సర్దుకుంటాయి.

ఘాట్ అంటేనే వణికే పిల్లలుంటే ఇంకో దారి ఉంది. ఉదయం విశాఖలో బయల్దేరి కిరండూల్ వెళ్లే రైలును శృంగవరపుకోటలో పట్టుకుని, పిల్లలూ ఒక పెద్దా బొర్రాగుహలు స్టేషన్‌లో దిగొచ్చు. కారు వేరేవాళ్లు తెస్తారు. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు పెట్టే కేకలు అదనం. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనే రావాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి.

చేరాక బొర్రా సులువే. గుహ నోరు చాలా పెద్దది, ముందు భాగం దాకా వెలుతురు పడుతుంది, కప్పు ఎక్కడో పైన ఉంటుంది. చీకటికి జడిసే మూడేళ్లవాళ్లకు కూడా ఊపిరాడనట్టు అనిపించదు. చిక్కు మెట్లతోనే. దిగేటప్పుడు ఉత్సాహం, ఎక్కేటప్పుడు ‘ఎత్తుకో’. పైనుంచి కారే నీటితో మెట్లు జారతాయి కాబట్టి వెనక పట్టీ ఉన్న గట్టి చెప్పులు వేయాలి, క్రాక్స్ లాంటివి పనికిరావు. బయట కోతులు కాచుకుని ఉంటాయి. పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనిపిస్తే చాలు, లాక్కుపోతాయి.

బెలూం సంగతి పూర్తిగా వేరు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, తాడిపత్రికి 30 కి.మీ. దూరంలో ఉంది. హైదరాబాద్ నుంచి కర్నూలు, బనగానపల్లె మీదుగా ఆరేడు గంటలు. ఘాట్ బాధ లేదు, కానీ కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ల లారీలూ సిమెంటు దుమ్మూ ఉంటాయి, అద్దాలెత్తుకుని వెళ్లాలి. గుహ దగ్గర తిండికి పెద్దగా దిక్కుండదు. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడమే మేలు.

3,229 మీటర్ల గుహలో ఒకటిన్నర కి.మీ. దాకా సందర్శకులకు తెరిచారు. చాలావరకు చదును దారే. ఐదేళ్లు దాటిన పిల్లలకు ఇది దాగుడుమూతల కోట. పెద్దవాళ్లు నడుం వంచి నడిచే చోట వాళ్లు నిటారుగా పరిగెడతారు. సరిగ్గా అందుకే చంటిపిల్లలతో ఇబ్బంది. భుజం మీదో వీపు సంచిలోనో పిల్లను పెట్టుకుని మీరు వంగితే, రాయి తగిలేది మీ తలకు కాదు. ఎత్తుకోక తప్పకపోతే ముందు గుండెకు కట్టుకునే సంచే వాడాలి.

రెండోది ఉక్కపోత. గొట్టాల ద్వారా బయటి గాలి లోపలికి పంపుతారు, అయినా పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. దిగే ముందే నీళ్లు తాగించి, బాత్రూముకు తీసుకెళ్లి, పల్చటి నూలు బట్టలు వేయాలి. ఉబ్బసం ఉన్న పిల్లలను తీసుకెళ్లకపోవడమే మంచిది. గుహలో అన్నిటికంటే లోతైన చోటు, పాతాళగంగ దాకా వెళ్లి తీరాలన్న పట్టుదల వద్దు. అక్కడ లోతు 46 మీటర్లు, దిగినదంతా మళ్లీ ఎక్కాలి. పిల్ల మొహం ఎర్రబడిందంటే అక్కణ్నుంచే వెనక్కి. కరెంటు పోతే ఫోన్ వెతుక్కోకుండా పెద్దవాళ్లిద్దరి దగ్గరా చెరో టార్చి ఉండాలి.

నాలుగేళ్ల లోపు పిల్లలైతే బొర్రాకే ఓటు. ఐదు నుంచి పన్నెండైతే నిస్సందేహంగా బెలూం. ఒకరు చంటి, ఒకరు ఎనిమిదేళ్లవాళ్లు ఉన్న ఇంట్లో బెలూంకే వెళ్లి పెద్దవాళ్లు వంతులేసుకోవచ్చు; ఒకరు పెద్దపిల్లతో లోపలికి, ఒకరు చంటితో పైన నీడలో. హైదరాబాద్ వాళ్లు బొర్రా కోసమే కారు తీయకండి, విశాఖకే 600 కి.మీ. పైమాట, రాత్రి రైలెక్కి, అక్కడ కారు మాట్లాడుకోవాలి.

కాలం చూస్తే బెలూంకు నవంబరు నుంచి ఫిబ్రవరి. వేసవిలో గుహ కంటే పార్కింగ్ నుంచి గుహ దాకా నడకే పిల్లలను కాలుస్తుంది. బొర్రాకూ అవే నెలలు బాగుంటాయి గానీ ఆదివారాల్లో అరకు జనమంతా ఆ ఘాట్ మీదే ఉంటారు. మంగళవారమో బుధవారమో వెళ్తే మెట్ల మీద పిల్ల చేయి వదలకుండా నింపాదిగా దిగొచ్చు.