రంగుటాకుల నందివర్ధనం: మొక్క మేలైనది, నర్సరీ సేవ అంతంతమాత్రం

విశాఖపట్నంలోని ఒక నర్సరీ నుంచి తెచ్చి ప్రహరీ పక్కన నాటిన రంగుటాకుల నందివర్ధనం, ఏడాది పొడవునా ఆకు నిలుపుకుంటూ, తెల్లని పూలు లేని రోజుల్లో సైతం చూపు తిప్పుకోనివ్వని మొక్క. బూడిద కలిసిన పచ్చదనం చుట్టూ మీగడ రంగు అంచు ఉంటుంది. అదీ ఏ రెండు ఆకులకూ ఒకేలా ఉండదు. తెల్లని భాగంలో పత్రహరితం ఉండదు కనుక ఇది మామూలు నందివర్ధనం కంటే నిదానంగా పెరుగుతుంది. చిన్న వాకిళ్లకు నిజానికి అదే మేలు. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం కాస్త నీడ పడే చోట ఆకుల అంచులు మాడవు. బీచి రోడ్డు వైపు ఇళ్లవారు మాత్రం ఉప్పుగాలి నేరుగా తగలని మూల చూసుకోవాలి.

నర్సరీ సేవ మాత్రం నాకు పూర్తిగా నచ్చలేదు. మొక్క ఆరోగ్యంగానే ఉంది గాని, సంచిలోని మట్టి జిగటగా ఉంది. నాటేటప్పుడు చూస్తే వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకొని ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, పూర్తి పచ్చని ఆకులతో వచ్చే కొమ్మలను మొదలంటా కత్తిరించకపోతే అవే బలపడి రంగుటాకులను అణచివేస్తాయన్న సంగతి అమ్మినవారు చెప్పలేదు. కత్తిరించినప్పుడు పాలు కారతాయి కనుక చేతి తొడుగులు వేసుకోవడం మంచిది. ధర కొంచెం ఎక్కువే అయినా, ఇంత మెల్లగా పెరిగే మొక్కకు అది అన్యాయమని అనలేను.