ఆరేళ్లు సాడిల్ స్టూల్ మీద కూర్చున్నాక

నేను డెంటిస్టుని. మామూలు గుండ్రటి స్టూలు మీద పదేళ్లు పనిచేసేసరికి మెడ నుంచి కుడి భుజం దాకా ఒకటే లాగుడు, రాత్రి ఎటు తిరిగి పడుకున్నా నిద్ర పట్టేది కాదు. అప్పుడు కొన్నాను ఈ సాడిల్ స్టూల్. గుర్రం జీనులాంటి సీటు, కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చోవాలి.

మొదటి రెండు వారాలు నరకం. తొడల లోపలివైపు నొప్పి, కూర్చుంటే ఎముకలు నొక్కుకుపోవడం. రోజుకి గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాల్సింది, నేనేమో పాత స్టూలు ఆ రోజే తీసేసి రోజంతా దీనిమీదే కూర్చున్నా. మూడో వారం నుంచి మాత్రం సాయంత్రానికి నడుము పట్టేయడం తగ్గింది. మామూలు సీటులో తొడలకీ ఒంటికీ మధ్య 90 డిగ్రీలు ఉంటుంది కదా, దాంతో కటి వెనక్కి ఒరిగి నడుములో ఉండాల్సిన వంపు పోతుంది. దీనిమీద ఆ కోణం 135 దాకా తెరుచుకుంటుంది, వంపు దానంతటదే నిలుస్తుంది.

అయితే స్టూలు ఒక్కటే మారిస్తే సరిపోదు. మనం ఎత్తులో కూర్చుంటాం కాబట్టి పేషెంట్ చైర్ కూడా అంత పైకి లేవాలి, దాని వీపు భాగం మందంగా ఉంటే మోకాళ్లు కిందకి దూరవు. నాది దూరలేదు. ఏడాదిన్నర పాటు పక్కకి తిరిగి కూర్చుని, ఆఖరికి చైరే మార్చాను. కొనేముందు ఇది చూసుకోండి, నాలాగా తర్వాత కాదు.

మెడ సంగతి వేరే. దానికోసం 2.5 రెట్లు పెద్దగా చూపించే లూప్స్ (కళ్లజోడుకి బిగించే భూతద్దాలు) తీసుకున్నా, కానీ కొలతలు ఇచ్చేటప్పుడు అలవాటుకొద్దీ వంగి కూర్చున్నాను. ఆ దూరానికే ఫోకస్ కుదిర్చారు. ఇంకేముంది, స్పష్టంగా కనిపించాలంటే మళ్లీ అంతే వంగాలి! తల బరువే దాదాపు 5 కిలోలు, వంగేకొద్దీ మెడ వెనక కండరాల మీద భారం పెరుగుతుంది. రెండో జత సాడిల్ మీద నిటారుగా కూర్చుని కొలిపించుకున్నా, చూపు కిందకి వాలే కోణం కూడా అప్పుడే సరిచేయించుకున్నా. తేడా వారంలో తెలిసింది.

వంగకుండా పైదవడ వెనక పళ్లు చూడ్డానికైతే ఏ సామానూ అక్కర్లేదు, పేషెంటుని పూర్తిగా పడుకోబెట్టి గడ్డం కాస్త పైకెత్తమని అడగడమే. ఇన్నేళ్లూ మొహమాటపడి అడక్కుండా నేనే మెలికలు తిరిగాను. ఆయాసం ఉన్నవాళ్లని అలా పడుకోబెట్టలేం, అక్కడ మాత్రం నోట్లో పెట్టి చూసే చిన్న మిర్రరే గతి.

స్టూలు వల్ల తగ్గనిది బొటనవేలి మొదట్లో నొప్పి. స్కేలింగ్ చేసే, అంటే పళ్ల గార గీకే పరికరాల్లో సన్నటి ఇనప పిడులున్నవి పక్కన పెట్టి, పిడి 10 మిల్లీమీటర్ల మందం ఉండి తేలికగా ఉండేవి వాడుతున్నా, ఇప్పుడు పర్లేదు. అంచు మొద్దుబారితే ఎంత మంచి పిడైనా దండగే అనుకోండి.

సీటు కవరు ముందువైపు నాలుగో ఏడు చిరిగింది, గ్యాస్ సిలిండర్ ఒకసారి మార్పించా. అంతకుమించి ఖర్చు లేదు.

ఒక్కటి చాలా ఆలస్యంగా గమనించాను. అసిస్టెంట్ కళ్లు మన కళ్ల కంటే 10, 15 సెంటీమీటర్లు పైన ఉంటేనే సక్షన్ (నోట్లో నీళ్లూ ఉమ్మీ లాగేసే గొట్టం) పట్టుకుని నోట్లోకి సరిగా చూడగలరు. నేను పైకెక్కాక మా అసిస్టెంట్ పాత పొట్టి స్టూలు మీదే ఉండిపోయింది, ఆరేళ్లూ మెడ సాచి నడుము తిప్పుకునే పనిచేసింది, ఒక్కమాట అనలేదు. మొన్న తనే భుజం పట్టుకుని నొక్కుకుంటుంటే అడిగాను. కాళ్లు ఆనించుకునే రింగున్న ఎత్తు స్టూలు తనకోసం ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.