హెచ్చరిక: పదహారేళ్ల పిల్లలకు బిల్లు ఇవ్వని, వారి మాట వినని దుకాణాలతో జాగ్రత్త

పరకాల, ములుగు, నర్సంపేట, భూపాలపల్లి వైపు నుంచి పిల్లలను హనుమకొండ, కాజీపేట కళాశాలల్లో చేర్పించి, కావలసినవి వాళ్లే కొనుక్కుంటారన్న నమ్మకంతో చేతికి డబ్బిచ్చి ఊరికి వెళ్లే తల్లిదండ్రుల కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. గత ఏప్రిల్‌లో మా మేనల్లుడికి నగరంలోని ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో ఎదురైన అనుభవం ఇది. దుకాణానికి మేము పంపిన నోటీసు వ్యవహారం ఇంకా నడుస్తున్నందువల్ల దుకాణం పేరు రాయడం లేదు. అయితే ఇటువంటి దుకాణాన్ని దాని తీరును బట్టి గుర్తుపట్టడానికి సరిపడా వివరాలు కింద ఉన్నాయి.

మా మేనల్లుడికి పదహారేళ్లు నిండాయి. మార్చిలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, సెలవులకు ఊరికి పోకుండా మా డాబా మీది గదిలో ఉండి ఎప్‌సెట్‌కు చదువుకుంటున్నాడు. ఏప్రిల్ ఎండలకు మధ్యాహ్నం పూట ఆ గదిలో కూర్చోవడం కష్టం కాబట్టి, మా బావ వాడికి 2,500 రూపాయలిచ్చి మంచి టేబుల్ ఫ్యాను కొనుక్కోమన్నాడు. నేను ఉద్యోగానికి వెళ్లిన వేళ వాడు ఒక్కడే బజారుకు వెళ్లాడు.

దుకాణంలో అడుగు పెట్టగానే భుజాన ఉన్న పుస్తకాల సంచిని బయటి బల్ల మీద పెట్టమన్నారట. అదే సమయానికి అంతకంటే పెద్ద సంచితో లోపలికి వచ్చిన పెద్దాయనను ఎవరూ ఏమీ అనలేదు. వాడు ఫ్యాన్లు చూస్తున్నంతసేపూ పనిలో ఉన్న ఒక కుర్రవాడు వెనకాలే నడిచాడు. ఆ కుర్రవాడికీ దాదాపు వీడి వయసే ఉంటుంది. సరుకు మోయడానికి, గిరాకీ మీద నిఘా పెట్టడానికి పనికివచ్చిన ఆ వయసు, గల్లా ముందు నిలబడి డబ్బు చెల్లించేవాడి విషయంలో మాత్రం అనుమానానికి కారణమైంది. ధర అడిగితే చెప్పకుండా, "ముందుగాల పైసలు సూపియ్యి. ఎవలిచ్చిన్రు నీకు?" అన్నారు. ఫోను ద్వారా చెల్లిస్తానంటే వద్దని, నోట్లే తీసుకున్నారు. ఫ్యానును ఒకసారి కరెంటుకు పెట్టి తిప్పి చూపించమని వాడు అడిగాడు, అది వాడి తెలివే. సీలు విప్పితే కంపెనీ ఒప్పుకోదని చెప్పి అట్టపెట్టెను అలాగే చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చాక చూస్తే ఆ పెట్టె మీద పాత టేపు మీద కొత్త టేపు అంటించి ఉంది. ఇంతకుముందు ఎవరో వాపసు చేసిన ఫ్యానునే వాడికి అంటగట్టారని నా గట్టి అనుమానం.

బిల్లు అడిగితే ఒక చిన్న చిట్టీ మీద 2,150 అని అంకె వేసి ఇచ్చారు. దాని మీద ఎస్టిమేట్ అన్న మాట తప్ప దుకాణం పేరు, తేదీ, జీఎస్టీ నంబరు ఏవీ లేవు. గ్యారంటీ కార్డు మీద ముద్ర లేదు. రెండు రోజులు తిరిగిన ఫ్యాను మూడో రోజు మోటారు వేడెక్కి, కమురు వాసన వచ్చి ఆగిపోయింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. సాయంత్రం వాడు విషయం చెప్పగానే నా నోట వచ్చిన మొదటి మాట, "నువ్వేమన్న కింద పడేసినవా?" అన్నదే. లేదన్నాడు. నేను మళ్లీ అదే అడిగాను. వాడు మరేమీ మాట్లాడకుండా మేడ మీదికి వెళ్లిపోయాడు. దుకాణదారుడు తరువాత అడగబోయే ప్రశ్నను, వాడిని ఎత్తుకొని పెంచిన మేనమామను, నేనే ముందు అడిగాను. మరునాడు నాకు చెప్పకుండా తన తరగతి స్నేహితుణ్ణి వెంట తీసుకొని ఫ్యానుతో మళ్లీ దుకాణానికి వెళ్లాడు. నా మీద నమ్మకం ఉంటే నన్నే పిలిచేవాడు.

ఆ రెండోసారి జరిగినదే నన్ను ఎక్కువగా బాధించింది. ఫ్యానును బల్ల మీద పెట్టగానే, "గుంపు కట్టుకొని లొల్లికొచ్చిన్రా? పొయ్యి పెద్దోళ్లను తోల్కరాపో" అన్నారు. చిట్టీ చూపిస్తే అది తమది కాదన్నారు. దుకాణం పేరు లేని చిట్టీ ఇచ్చింది ఇందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. వాడు వదలకుండా అడుగుతూ ఉండటంతో, అల్మారాలోంచి ఏదో చిన్న సామాను పోయిందని ఒక పనివాడు అన్నాడు. ఇద్దరు పిల్లలనూ గోదాము మెట్ల దగ్గర దాదాపు అరగంట నిలబెట్టి, సంచులు తీసుకొని పుస్తకాలు, టిఫిన్ డబ్బా, వాటర్ బాటిల్ అన్నీ గిరాకీల ముందే బల్ల మీద కుమ్మరించారు. ఏమీ దొరకలేదు. అయినా ఒక్కరూ పొరపాటైందని అనలేదు. పుస్తకాలను పిల్లలే ఏరి సర్దుకున్నారు. వెంట వెళ్లిన స్నేహితుడు ఆ తరువాత నెల రోజుల పాటు ఆ వీధి గుండా నడవడానికి కూడా ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం నేను వెళ్లాను. అదే ఫ్యాను, అదే చిట్టీ, వాడు చెప్పిన మాటలే నేను చెప్పాను. కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు, పది నిమిషాల్లో కొత్త ఫ్యాను తెచ్చి కరెంటుకు పెట్టి తిప్పి చూపించారు. పొద్దున తమది కాదన్న చిట్టీ సాయంత్రానికి తమదైపోయింది. ఏదో సామాను పోయిందని అన్న సంగతి అడిగితే, కెమెరాలో చూశామన్నారు. ఆ దృశ్యాలు నాకూ చూపించమంటే, "పోనియ్యి సార్, పిలగాండ్లు గద" అని మాట దాటవేశారు. వయసులో పెద్దవాణ్ణి అయినందుకు దొరికిన ఆ మర్యాద నాకు ఏమాత్రం సంతోషం కలిగించలేదు.

ఇంటికి వచ్చి ఇరుగుపొరుగు పిల్లలను కదిలిస్తే ఒక్కొక్కరూ ఒక్కో అనుభవం చెప్పారు. ఒకరికి ఫోను బాగుచేసే చోట వేసిన కొత్త బ్యాటరీ నెలలోపే పోయింది, అడిగితే నువ్వే పాడు చేశావన్నారు. మరొకరిని టిఫిన్ సెంటరులో తినడం పూర్తికాకుండానే లేపి, ఆ బల్లను కుటుంబంతో వచ్చినవాళ్లకు ఇచ్చారు. బస్సు పాసు అసలుదో కాదో అని అందరి ముందు తిప్పి తిప్పి చూడటం వాళ్లకు లెక్కలోకే రాదు. ఇవన్నీ విన్నాక నాకు ఒక విషయం స్పష్టమైంది. పిల్లలను దొంగలుగా చూడటం, పిల్లలకు నాసిరకం సరుకు అంటగట్టడం వేరువేరు సంగతులు కావు. పిల్లల మాట ఇంట్లోవాళ్లు కూడా నమ్మరన్న ధీమా ఉన్నప్పుడే దుకాణదారుడు బిల్లు లేకుండా చెడిపోయిన ఫ్యాను అమ్మగలడు. ఆ ధీమాను నేను కూడా ఒక సాయంత్రం నిజం చేశాను.

దుకాణదారులకూ ఇబ్బందులు ఉంటాయి. పిల్లలు చిన్న చిన్న వస్తువులు ఎత్తుకుపోయే సంఘటనలు అసలు లేవని నేను అనను. అయితే ఎత్తుకుపోయేవారు అన్ని వయసుల్లోనూ ఉంటారు. సంచి బయట పెట్టమనే నియమం ఉంటే అది అందరికీ ఉండాలి. కొన్ని వస్తువులకు వయసు నియమం చట్టమే పెట్టింది. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి సిగరెట్లు అమ్మకూడదు. మన రాష్ట్రంలో మద్యానికి 21 ఏళ్లు నిండాలి. వాటి విషయంలో వయసు అడగవలసిందే. టేబుల్ ఫ్యానుకు అటువంటి నియమమేదీ లేదు.

కొత్త ఫ్యాను ఇచ్చినప్పటికీ, నేను గట్టిగా అడిగినప్పుడు యజమాని ఒక చట్టపు మాట కూడా తీశాడు. మైనరుతో చేసిన బేరం లెక్కకు రాదని, అందుకే వాపసు తీసుకునే బాధ్యత తనకు లేదని అన్నాడు. ఈ మాటతో ఎవరైనా మిమ్మల్ని వెనక్కి పంపబోతే నమ్మకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని చెప్పేది మైనరును కాపాడటానికే. 1903లో, అప్పట్లో మన దేశపు కేసులకు పై కోర్టుగా లండన్‌లో ఉన్న ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఇచ్చిన కలకత్తా వ్యాజ్యంలో, ఒక మైనరు ఇంటిని తాకట్టు పెట్టుకొని అప్పు ఇచ్చిన వడ్డీ వ్యాపారికి ఆ తాకట్టు చెల్లదని చెప్పారు. అక్కడ నష్టపోయింది పెద్దవాడైన వ్యాపారి. మైనరు దగ్గర రొక్కం తీసుకొని, చెడిపోయిన సరుకు ఇచ్చి, మైనరువి కదా పొమ్మనడానికి ఆ సూత్రం పనికిరాదు. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరు మీద పొదుపు ఖాతా తెరిచి, సొంతంగా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతిస్తున్నది. బ్యాంకు నమ్మే సంతకాన్ని ఫ్యాన్ల దుకాణం నమ్మకపోవడానికి కారణం ఉండదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఫిర్యాదుదారు ఎవరన్నది చెప్పే చోటనే, వినియోగదారు మైనరు అయితే తల్లి లేదా తండ్రి, లేదా చట్టబద్ధ సంరక్షకుడు ఫిర్యాదు చేయవచ్చని ఉంది. అంటే మైనరు కూడా వినియోగదారేనని చట్టం ఒప్పుకున్నట్లే. నేను మేనమామనే గాని చట్టం దృష్టిలో సంరక్షకుణ్ణి కాను కాబట్టి, కాగితాల మీద మా బావ సంతకం చేయవలసి వచ్చింది. హాస్టలు వార్డెనో, తెలిసినవారో చూసుకుంటారులే అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడాన్ని, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా, వాపసు తీసుకొని డబ్బు ఇవ్వకపోవడాన్ని ఇదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతులుగా లెక్కించింది. ఫిర్యాదును మీరు నివసించే ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు వేయవచ్చు. సరుకు ఖరీదు 5 లక్షల రూపాయలు దాటనంతవరకు రుసుము లేదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

సంచుల సోదా సంగతి వేరు. అనుమానం ఉంటే పోలీసులను పిలవాలి తప్ప, దుకాణంలో పనిచేసేవారు పిల్లలను ఒక చోట కదలనీయకుండా నిలబెట్టి సంచులు కుమ్మరించకూడదు. వెళ్లడానికి హక్కు ఉన్న మనిషిని అక్రమంగా అడ్డగించడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షను కింద నేరం. మీ పిల్లలకు ఇటువంటి పరిస్థితి ఎదురైతే, వెంటనే ఇంటికి ఫోను చేయాలని, పెద్దలు వచ్చేవరకు సంచి తెరవడానికి ఒప్పుకోవద్దని, గొడవకు మాత్రం దిగవద్దని ముందే చెప్పి ఉంచండి. ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం. పోలీసులైనా సరే ఆడవారిని మహిళతోనే సోదా చేయించాలి.

వయసును బట్టి మనుషులను తరిమే అలవాటు మన ఊరికే పరిమితం కాదు. బ్రిటన్‌లో 2005లో మస్కిటో అనే ఒక పరికరం వచ్చింది. చిన్న వయసువారి చెవులకే వినిపించే సన్నని రొదను వెలువరించి, దుకాణాల ముందు పిల్లలు నిలబడకుండా చేయడం దాని పని. దానిని బహిరంగ స్థలాల్లో నిషేధించాలని 2010లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ పార్లమెంటరీ సభ కోరింది. మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాల్లోకి రాకుండా అడ్డుకోకూడదని చెప్పింది గాని, ఆ వరుసలో వయసు లేదు. అందువల్ల పిల్లల తరఫున పెద్దలే అడగవలసి వస్తున్నది.

ఇకమీదట పిల్లలను కొనుగోలుకు పంపేటప్పుడు వీలైతే ఫోను ద్వారానే చెల్లించమనండి, చెల్లింపు వివరమే సాక్ష్యంగా నిలుస్తుంది. నోట్లే కావాలని దుకాణం పట్టుబడితే అక్కడ కొనవద్దనండి. కరెంటు సామాను ఏదైనా బల్ల మీద పెట్టి నడిపి చూపించాకే డబ్బు ఇవ్వాలి. దుకాణం పేరు, తేదీ, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు, ముద్ర వేసిన గ్యారంటీ కార్డు చేతికి రాకుండా బయటికి రాకూడదు. 200 రూపాయలు దాటిన అమ్మకానికి, జీఎస్టీ కింద నమోదైన వ్యాపారి బిల్లు ఇచ్చి తీరాలి. అన్నింటికంటే ముందు, సరుకు చెడిపోయిందని పిల్లలు వచ్చి చెప్పినప్పుడు వాళ్లనే తప్పు పట్టకుండా వినండి.

మా విషయంలో ఒక్క చిక్కు ఇంకా తేలలేదు. కొత్త ఫ్యానుకు బిల్లు అడిగితే, యజమాని ఆ రోజు తేదీతో నా పేరు మీద రాసి ఇచ్చాడు. కొన్నది నేను కాదని, వీడని చెబితే, "పిలగాని పేరు మీద ఎట్ల రాస్త సార్" అన్నాడు. ఆ బిల్లును నేను బల్ల మీదే వదిలి వచ్చాను. మొదట కొన్న తేదీతో మా మేనల్లుడి పేరు మీద బిల్లు ఇవ్వాలని, సంచులు సోదా చేసినందుకు ఇద్దరు పిల్లలకూ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలని కోరుతూ మా బావ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాడు. నోటీసులోని వివరాలన్నీ మా మేనల్లుడే రాశాడు, నేను అక్షరదోషాలు మాత్రం దిద్దాను. జవాబు ఇంకా రాలేదు. గడువు దాటితే కమిషన్‌కు వెళతాము. ఏ సంగతైనా ఇక్కడే తెలియజేస్తాను.