బ్యాంకు మునిగితే ఏ పద్ధతి మేలు: జీటీబీ లాగానా, యెస్ బ్యాంక్ లాగానా?

సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ (జీటీబీ) గుర్తుందా? స్టాక్ మార్కెట్ వాళ్లకి, స్టాక్ బ్రోకర్ కేతన్ పారేఖ్ బ్యాచ్‌కి ఎడాపెడా అప్పులిచ్చి చేతులు కాల్చుకుంది. 2004 జులై 24, శనివారం మారటోరియం (డబ్బు తీయడానికి తాత్కాలిక కట్టడి) పెట్టారు, 10 వేలు మించి తీయడానికి లేదన్నారు, సోమవారానికల్లా ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేస్తున్నామని చెప్పేశారు, ఆగస్టు 14కి కలిపేశారు కూడా. డిపాజిటర్లకి పైసా పోలేదు. షేర్లున్నోళ్లకి మాత్రం గుండు సున్నా.

ఇక యెస్ బ్యాంక్. 2020 మార్చి 5 సాయంత్రం మారటోరియం, లిమిట్ 50 వేలు. ఫోన్‌పే యూపీఐ అప్పుడు ఈ బ్యాంకు మీదే నడిచేది కాబట్టి, అందులో అసలు అకౌంటే లేనోళ్లకి కూడా పేమెంట్లు ఆగిపోయాయి. ఎందులోనూ కలపకుండా ఎస్‌బీఐ చేత షేరు 10 రూపాయల లెక్కన 6,050 కోట్లు పెట్టించారు, ఐసీఐసీఐ, హెచ్‌డీఎఫ్‌సీ లాంటివి కూడా తలా కాస్త వేశాయి, మార్చి 18కల్లా డబ్బు తీసుకోవచ్చన్నారు.

డిపాజిటర్ వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే, నష్టం ఎవరి నెత్తిన పడిందన్న దగ్గరే తేడా అంతా. జీటీబీ మొండి బాకీలన్నీ ఒక ప్రభుత్వ బ్యాంకు మోసింది. యెస్ బ్యాంక్‌లో ఎస్‌బీఐకి నష్టం లేకపోగా, 2025లో జపాన్ వాళ్ల ఎస్‌ఎంబీసీ బ్యాంకుకి కొంత వాటా షేరు 21.50 రూపాయల లెక్కన అమ్ముకుంది. ఈ లెక్కన రెండోదే మేలు.

కానీ నాకు మింగుడుపడనిది ఏంటంటే, 8,415 కోట్ల ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దయ్యే అవకాశమున్న బాండ్లు) మొత్తం రద్దు చేసి, షేర్‌హోల్డర్లని మాత్రం ఉంచారు (100 షేర్లు దాటినోళ్లకి 75 శాతం మూడేళ్లు లాక్ చేశారనుకోండి). మామూలుగా ముందు పోవాల్సింది షేర్లు కదా! పైగా ఆ బాండ్లు ఎఫ్‌డీ లాంటివేననుకుని కొన్న పెద్దాళ్లున్నారు. 2023లో బాంబే హైకోర్టు ఆ రద్దు చెల్లదంది, కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. న్యాయం మాటకొస్తే నా ఓటు జీటీబీ పద్ధతికే.

ఈ రెండూ కాక పీఎంసీ (పంజాబ్ అండ్ మహారాష్ట్ర) కోఆపరేటివ్ బ్యాంక్ పద్ధతి ఒకటుంది, అదైతే పగవాడికి కూడా వద్దు. 2019 సెప్టెంబర్‌లో మొదటి లిమిట్ 1,000 రూపాయలు, విలీనానికి 2022 జనవరి దాకా ఆగారు, 5 లక్షలు దాటిన డబ్బుకి పదేళ్ల దాకా వాయిదాలు. కోఆపరేటివ్‌లో అర శాతం వడ్డీ ఎక్కువొస్తుందని అంతా ఒకేచోట పెట్టేవాళ్లు, ఇన్సూరెన్స్ ఇప్పటికీ ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకేనన్నది చూసుకుని పెట్టండి.