డాట్సన్ 240జెడ్ వెనక బుష్‌లు: ఏడేళ్లు నడిపాక

మా 1972 డాట్సన్ 240జెడ్‌కి వెనక సస్పెన్షన్ బుష్‌లు (ఇనుప కీళ్ల మధ్య కుదుపు మింగే తొడుగులు) మార్చి ఏడేళ్లయింది. డాట్సన్ అనగానే మనవాళ్లకి 2014లో వచ్చిన డాట్సన్ గో గుర్తొస్తుంది. దీని సంగతి వేరు: 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, పొడుగాటి బానెట్, రెండే సీట్లు.

మార్చకముందు, మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కారు తోక పక్కకి జరిగేది. దానికితోడు గేరు మార్చినప్పుడల్లా వెనక ఢమ్మని చప్పుడు. ఇంజను శక్తిని వెనక చక్రాలకి పంచే డిఫరెన్షియల్ ముందు మౌంటు మారిస్తే చప్పుడు పోయింది, తోక ఊపడం పోలేదు. కారుని స్టాండ్ల మీద పెట్టి చక్రాన్ని రెండు చేతులా ఊపి చూశాను. చక్రాన్ని కారుకి కలిపే కింది ఆర్మ్ బయటి చివర పిన్ను చుట్టూ కదులుతోంది. బుష్‌లో రబ్బరు గోటితో గీకితే నల్లటి పొడిలా రాలింది.

రబ్బరు బదులు, దానికంటే గట్టిగా ఉండే ఎర్రటి పాలీయురేథేన్ (పాలీ) బుష్‌ల సెట్ కొన్నాను. ధర చూసి, ఇంతేనా అనుకున్నాను. అసలు కథ స్పిండిల్ పిన్ దగ్గర మొదలైంది. స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు గొట్టం) అడుగు భాగంలోంచి ఈ చివర నుంచి ఆ చివరకి దూరే జానెడు కడ్డీ అది. మధ్యలో చిన్న లాక్ బోల్టు. మేముండే అమెరికాలోని ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి లోపల పూర్తిగా పట్టేసింది. వారం రోజులు ఆయిల్ పోశాను, గ్యాస్ టార్చి మంటతో కాల్చాను. సుత్తి దెబ్బలకి పిన్ను చివర పుట్టగొడుగులా విచ్చుకుంది కానీ వెంట్రుకవాసి కదల్లేదు. చివరికి ఆర్మ్‌కీ స్ట్రట్‌కీ మధ్య సందులో రంపం పెట్టి రెండు వైపులా కోసేశాను. లోపల మిగిలిన ముక్కని మెషీన్ షాపులో తీయించాను. కొత్త పిన్నులు, కూలీ కలిపి ఖర్చు తడిసి మోపెడైంది. అందుకే చెబుతున్నా, బుష్‌లతో పాటే పిన్నులు కూడా ఆర్డర్ పెట్టేయండి.

పాత బుష్ బయటి ఇనుప గొట్టం ఆర్మ్‌లోనే ఉండిపోతుంది. హ్యాక్సా బ్లేడు లోపలికి దూర్చి నిలువునా కోసి, ఉలితో ముడిచి కొట్టాలి. బ్లేడు ఆర్మ్‌కి తగిలేలోపు ఆగాలి, అంతే.

రబ్బరు బుష్ లోపలి గొట్టాన్ని పట్టుకుని మెలితిరుగుతుంది. అందుకే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బోల్టు ఆఖరిగా బిగించాలి, లేకపోతే కొత్త రబ్బరు కూడా త్వరగా చిరుగుతుంది. పాలీ బుష్ గొట్టం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ బెడద లేదు కానీ, దాని బతుకంతా గ్రీజు మీదే.

మార్చిన మొదటిరోజే తేడా తెలిసింది. మలుపులో కాలు తీసినా తోక కదల్లేదు. ఇప్పటికీ అంతే. మూడో ఏడు నుంచి మాత్రం స్పీడ్ బ్రేకర్ ఎక్కితే నులకమంచంలా కిర్రుమనడం మొదలైంది. గ్రీజు కోసం మళ్లీ మొత్తం విప్పాల్సి వస్తుందని టెన్షన్ పడ్డాను. అయితే మొదటిసారి బిగించేటప్పుడే కొత్త పిన్నుకి, తుప్పుతో పట్టేయకుండా చూసే యాంటీ సీజ్ పేస్టు దట్టంగా పూశాను. చెక్కముక్క అడ్డంపెట్టి రెండు దెబ్బలు వేస్తే జారి చేతిలోకి వచ్చేసింది!

రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్లకి పాలీ బాగుంటుంది. నాలాగా ఆదివారం తిప్పేవాళ్లకి రబ్బరే మేలు. హైవేలో కాంక్రీటు అతుకు వచ్చినప్పుడల్లా దెబ్బ నడుముకి తెలుస్తోంది. గంట దాటిన ప్రయాణమంటే మా ఆవిడ వేరే కారు తాళాలు తీస్తుంది. మళ్లీ చేస్తే రబ్బరే వేస్తాను. పోయిన నెల నుంచి కుడివైపు మళ్లీ కిర్రుమంటోంది కాబట్టి, ఆ రోజు మరీ దూరం లేదు.